ఆన్ చెయ్యకుండా కొన్న రిసీవరు

మా మునిసిపాలిటీ వారి వయోవృద్ధుల పగటి విశ్రాంతి కేంద్రానికి నేను మేనేజర్ని. పేరు బుల్లెబ్బాయి. మేనేజరంటే పొద్దున్న తలుపులు తీసి, సాయంత్రం తలుపులు వేసి, మధ్యలో దినపత్రికలు మడత పెట్టేవాడని నా నియామకపు ఉత్తర్వుల్లో ఉంది. టీవీలో వాళ్ళు మాట్లాడే ప్రతి మాటా మళ్ళీ అరిచి చెప్పేవాడని మాత్రం అందులో లేదు. అయినా ఆరేళ్ళుగా అదే పని చేస్తున్నాను.

మా కేంద్రంలో ఉన్నది గోడకి అతుక్కుపోయిన పల్చటి టీవీ. బొమ్మ బ్రహ్మాండం. గొంతు మాత్రం వెనక్కి తిరిగి గోడతో మాట్లాడుకుంటుంది. సౌండు పెంచుదామంటే మాట కంటే ముందు మద్దెల పెరుగుతుంది. మా సభ్యుల చెవులా, వాళ్ళతోపాటే ముసలివైపోయాయి. మధ్యాహ్నం సీరియల్లో కోడలు మధులిక పెదవి కదిపినప్పుడల్లా ముందు వరసలోంచి పేరిందేవమ్మగారు నావైపు తిరిగేవారు.

"ఏమందిరా అబ్బాయ్?"

పెద్దావిడ అడుగుతుంటే చెప్పకపోతే ఏం బావుంటుందని ఒకరోజు చెప్పాను. మర్నాడూ చెప్పాను. ఆ తర్వాత అది నా డ్యూటీ అయిపోయింది. మధులిక నేనే, ఆవిడ అత్తగారు నేనే, నోట్లో సిగరెట్టు పెట్టుకుని గొణిగే బాబాయి నేనే. మధ్యలో వచ్చే సబ్బు ప్రకటన కూడా నేనే. పోనీ మాట ఒక్కటీ చెప్పేసి ఊరుకుందామంటే పేరిందేవమ్మగారు ఒప్పుకోరు.

"అలా రైల్వే స్టేషన్లో చెప్పినట్టు చెబితే నాకేం తెలుస్తుందిరా? అది ఏడుస్తూ అందా, కోపంగా అందా?"

అందుకని ఏడవడం కూడా నేర్చుకున్నాను. నా గొంతు ఏనాడో బొంగురుపోయింది. ఇంట్లో చారులో ఉప్పు తగ్గిందని మామూలుగా చెప్పినా మా ఆవిడ ఉలిక్కిపడుతోంది, అత్తగారు శపించినట్టుందని.

ఇలా ఉండగా ఆ సీరియలు అయిపోవస్తోందన్న కబురు తెలిసింది. వచ్చే శుక్రవారమే ఆఖరు భాగం. ఆ రోజున మధులిక తన అత్తగారిని నిలదీసి ఒక మాట అడుగుతుందట. పేరిందేవమ్మగారు నన్ను పక్కకి పిలిచారు.

"ఒరే, ఆ ఒక్క మాటా నేను నా చెవులతో వినాలిరా. నువ్వు చెబుతావు, కాదన్ను. కానీ నువ్వు మగాడివి, మీసాలున్నవాడివి. మా అత్తని నేనూ అడగాలనుకున్నా, అడగలేకపోయాను. ఆవిడ పోయింది. ఆ పిల్ల అడిగితే వినాలని ఆరేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చున్నాను."

ఆవిడ అలా అనేసరికి నాకు మనసు అదోలా అయిపోయింది. ఆ సాయంత్రమే ఆవిడని ఆటో ఎక్కించుకుని బజారులో జిలానీ గారి ఎలక్ట్రానిక్స్ షాపుకి తీసుకెళ్ళాను.

జిలానీ ఒక చిన్న నల్లటి పెట్టె చూపించాడు. "హోమ్ థియేటర్ రిసీవరు భాయ్. టీవీలోంచి వచ్చే సౌండుని ఇది తీసుకుని విడగొడుతుంది. సంగీతం పక్కల స్పీకర్లకి పంపిస్తుంది. మనుషుల మాట మాత్రం మధ్య స్పీకర్లోంచి వస్తుంది. ఆ మధ్యదొక్కటీ పెంచుకోవచ్చు. పెద్దవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? మీ హాలుకి పెద్ద రకం అక్కర్లేదు, చవకలో ఇదే మంచిది."

ఏదో వార్తల ఛానెల్ పెట్టి, మధ్య స్పీకరు పెంచాడు. పేరిందేవమ్మగారు తల పైకెత్తారు.

"బంగాళాఖాతంలో అల్పపీడనం," అన్నారు ఆవిడ. టీవీ ఆవిడ అన్న తర్వాత, నేను అనకుండా! "ఒరే, కోస్తాలో వానలట రా!" అంటూ పమిట చెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. అల్పపీడనం కబురుకి ఆనందబాష్పాలు రాల్చిన మనిషిని నేను అదే మొదటిసారి చూడటం. నాకూ కళ్ళు చెమర్చాయి.

మర్నాడు ఒక అర్జీ రాసుకుని మునిసిపల్ ఆఫీసులో కొనుగోళ్ళ పర్యవేక్షకులు వజ్ఝల హరగోపాల్ గారి దగ్గరకి వెళ్ళాను. ఆయన నా అర్జీని రెండు వేళ్ళతో పట్టుకుని చదివారు.

"సదరు పరికరము పనిచేయుచున్నదని మీకెటుల తెలిసినది?"

"షాపులో ఆన్ చేసి చూశామండి."

ఆయన కుర్చీలో వెనక్కి జారిపోయారు. "ఆన్ చేశారా! అయితే అది వాడిన వస్తువు. మునిసిపాలిటీ వాడిన వస్తువు కొనరాదని స్పష్టమైన ఉత్తర్వు ఉన్నది. వెనుకటికొక కమిషనరు గారి హయాములో కొత్తదని చెప్పి పాత నీళ్ళ మోటారు అంటగట్టారు. అప్పటినుండి ఆన్ చేయుటయే వాడుటగా పరిగణించుచున్నాము."

"మరి ఆన్ చెయ్యకపోతే సౌండు ఎలా ఉందో తెలియదు కదండీ?"

"కొన్న తరువాత తెలియును."

"కొన్నాక ఆన్ చెయ్యొచ్చాండి?"

"అంగీకార ధ్రువపత్రము వచ్చిన పిమ్మట."

"అదెప్పుడు వస్తుందండి?"

"సదరు పరికరము సక్రమముగా ధ్వనించుచున్నదని మేము స్వయముగా విని నిర్ధారించుకొన్న పిమ్మట."

నేను తల ఊపాను. పెద్ద ఆఫీసర్లు ఏదైనా వివరించినప్పుడు అర్థమైనవాడూ, కానివాడూ ఒకేలా తల ఊపాలని ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే నేర్చుకున్నాను.

శుక్రవారం దగ్గర పడుతోందని నేను కాళ్ళావేళ్ళా పడితే, హరగోపాల్ గారు దయతలచి వెంటనే ఎంపిక సంఘాన్ని వేశారు. అందులో ఒక శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఒక పశువైద్యుడు, అధ్యక్షులుగా తాను. పాటలు వినే అలవాటున్నవాళ్ళని వెయ్యలేదు, పక్షపాతం చూపిస్తారని. జిలానీ మూడు కంపెనీల రిసీవర్లు తెచ్చి కౌన్సిల్ హాలు బల్ల మీద వరసగా పెట్టాడు. ఒక్కదానికీ ప్లగ్గు పెట్టలేదు.

శానిటరీ ఇన్‌స్పెక్టరు గారు ఒక్కొక్క పెట్టెనీ వాసన చూసి దుర్గంధం లేదని చెప్పారు. పశువైద్యులు మెడలోని గొట్టం చెవులకి తగిలించుకుని, గేదె డొక్క మీద పెట్టినట్టు మూడింటి మీదా పెట్టి విన్నారు.

"లోపల ఎలాంటి అలజడీ లేదు," అన్నారు. "ఆరోగ్యంగా ఉన్నాయి."

"వేడెక్కుచున్నవా?" అని అడిగారు హరగోపాల్ గారు.

"చల్లగా ఉన్నాయండి."

"కరెంటు?"

గోడకున్న మీటరు చూసొచ్చారు. అది కదల్లేదు.

హరగోపాల్ గారి మొహం వెలిగిపోయింది. "మోత లేదు, వేడి లేదు, కరెంటు ఖర్చు లేదు. నా ఉద్యోగ జీవితములో ఇంత పొదుపైన పరికరములను చూచి ఎరుగను."

"ప్లగ్గు పెట్టలేదు సార్," అన్నాడు జిలానీ.

"ప్లగ్గు పెట్టకయే ఇంత పనితనము చూపుచుండగా, పెట్టవలసిన అగత్యమేమి?"

మూడింటికీ మార్కులు సమానంగా వచ్చాయి. ఇక ఏది చవకైతే అదే. కానీ హరగోపాల్ గారు చవక అన్న మాటని చాలా పట్టింపుగా తీసుకున్న మనిషి. మూడింటిలో చవకది తీసుకుంటే, నాలుగోది ఇంకా చవకగా ఎక్కడో ఉండి ఉంటుందన్న ఆడిట్ అభ్యంతరం వస్తుందట.

"ఇంతకంటె తక్కువలో మీ వద్ద ఏమియు లేదా?"

జిలానీ పొద్దుటినుంచీ షాపు మూసుకుని వచ్చాడు. మధ్యాహ్నం భోజనం కూడా లేదు. విసుగెత్తిపోయాడు.

"ఇంతకంటే తక్కువంటే షాపు అద్దాల్లో పెట్టుకునే ఉత్త డొల్ల ఉంది సార్. పైకి రిసీవరులాగే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. కంపెనీవాడు అలంకారానికి ఊరికే ఇచ్చాడు. మీకూ ఊరికే ఇస్తాను, పట్టుకెళ్ళండి."

"తెప్పింపుడు," అన్నారు హరగోపాల్ గారు.

డొల్ల వచ్చింది. దుర్గంధం లేదు. అలజడి అసలే లేదు. పశువైద్యులు ఇంత ప్రశాంతమైన పెట్టెని తాను చూడలేదన్నారు. తేలిగ్గా ఉంది. లోపల పాడవడానికి ఏమీ లేదు కాబట్టి మరమ్మతు ఖర్చు రాదు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరైనా పొరపాటున ఆన్ చేసి వాడిన వస్తువు చేసేస్తారన్న భయం లేదు. ఏకగ్రీవంగా ఎంపికైపోయింది. స్పీకర్లు వచ్చే ఆర్థిక సంవత్సరంలో ఆలోచిస్తామన్నారు.

బయటికొచ్చాక జిలానీ నా చెయ్యి పట్టుకున్నాడు. "భాయ్, నేను వెటకారంగా అన్నాను."

"తెలుసండి. కానీ మా ఆఫీసులో వెటకారం ఫైలెక్కితే ప్రతిపాదన అయిపోతుంది."

డొల్లని టీవీ కింద బల్ల మీద పెట్టి, దాని మీద పూలదండ వేశారు. పేరిందేవమ్మగారు వచ్చి దాన్ని అటూ ఇటూ తడిమి చూశారు.

"ఇందులోంచేనా మాట వచ్చేది?"

అవునని అనలేక, కాదని అనలేక కుర్చీలు సర్దుకుంటూ ఉండిపోయాను.

మంగళవారం నాడు ధ్వని పరిశీలనకి హరగోపాల్ గారు వచ్చారు. సీరియలు నడుస్తోంది. నన్ను మామూలుగా నా పని చేసుకోమని, తాను గుమ్మం దగ్గర నిలబడి కళ్ళు మూసుకుని విన్నారు. నేను మామూలుగానే నా పని చేసుకున్నాను. అంటే, అత్తగారిలా అరిచాను, మధులికలా ఏడిచాను, బాబాయిలా గొణిగాను. ముసలివాళ్ళంతా చ్చొచ్చొ అన్నారు.

హరగోపాల్ గారు కళ్ళు తెరిచి, వెంట వచ్చిన అటెండరు చేత రాయించారు: "ధ్వని అత్యంత స్పష్టము. ఏడ్పుతో సహా ప్రతి పదమును వినవచ్చినది."

నేను ఊరుకోవచ్చు. కానీ శుక్రవారానికి ఆ పెద్దావిడకి అసలు పెట్టె కావాలి. ఇది తేలితే అది వస్తుందని ఆశపడ్డాను.

"సార్, అది పెట్టె కాదండి. నేనండి."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశారు. "అనగా ఈ సభ్యులకు ధ్వని అందునది మీ వలన?"

"అవునండి."

"పరికరమునకు ధ్వని మీరే అయినచో, మీరు లేక పరికరము అసంపూర్ణము. అసంపూర్ణమైన పరికరమును మేము కొనినట్లు తేలినచో నాకు మెమో వచ్చును. కనుక మిమ్ములను సదరు పరికరమునకు అనుబంధముగా స్టాకులోనికి తీసుకొనుచున్నాము."

అటెండరు ఏసుపాదం జిగురు పూసి నా చొక్కా మీద ఒక నంబరు అతికించాడు. డొల్ల మీదా అదే నంబరు, పక్కన ఒక అక్షరం తేడా.

"మరి నా ఉద్యోగమండీ?"

"వస్తువునకు ఉద్యోగముండదు. పూచీ ఉండును."

"సరేనండి. శుక్రవారం దాకా ఎలాగోలా అరుస్తానండి."

"అరవరాదు! అంగీకార ధ్రువపత్రము రానిదే అరచినచో వాడిన వస్తువగుదురు."

"ఇప్పుడే అరిచాను కదండీ?"

"అది స్టాకులోనికి రాకపూర్వము. దానిని తయారీదారు పరీక్షగా పరిగణింతుము."

ఏసుపాదం ఒక కోరా గుడ్డ తెచ్చి నా మూతికి కట్టి, వెనక ముడి మీద లక్క పోసి మునిసిపాలిటీ సీలు వేశాడు. అన్నం తినడానికి కింది అంచు కొంచెం వదులుగా ఉంచాడు, మంచివాడు. ఇంటికెళితే మా ఆవిడ నా వంక చూసి, ఎన్నాళ్ళకి ఇల్లు ప్రశాంతంగా ఉందండీ అంది. నేను ఏమీ అనలేదు. అనడానికి వీల్లేదు.

ధ్రువపత్రం రాలేదు. ఎలా వస్తుంది? నేను ధ్వనిస్తేగానీ ధ్రువపత్రం ఇవ్వరు, ధ్రువపత్రం ఇస్తేగానీ నేను ధ్వనించకూడదు. బుధవారం పోయింది. గురువారం పోయింది. ఆ రెండు రోజులూ సభ్యులు బొమ్మలు చూసుకుని ఎవరికి తోచిన కథ వాళ్ళు చెప్పుకున్నారు. మధులిక గర్భవతి అని కొందరు, కాదు అప్పడాల వ్యాపారం పెడుతోందని కొందరు.

శుక్రవారం వచ్చింది. పేరిందేవమ్మగారు జరీ అంచు చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నేను డొల్ల పక్కన, నంబరుతో నిలబడ్డాను. నన్నెవరూ వాడకుండా చూడమని ఏసుపాదాన్ని కాపలా పెట్టారు. అతను స్టూలు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

సీరియలు మొదలైంది. మధులిక గుమ్మంలో నిలబడింది. అత్తగారు ఎదురుగా. ఒకరి మొహం మార్చి ఒకరి మొహం చూపించారు. మద్దెల మోగింది, వయొలిన్లు మోగాయి, కిటికీలు కొట్టుకున్నాయి. ఆఖరికి మధులిక పెదవి కదిపింది.

"ఏమందిరా అబ్బాయ్?"

నేను తల తిప్పి వెనకనున్న సీలు చూపించాను.

"ఏమందిరా?"

పక్కావిడని అడిగారు. ఆవిడకీ వినబడలేదు. టీవీలో మధులిక మాట్లాడుతూనే ఉంది. పేరిందేవమ్మగారు లేచి, కుర్చీలు పట్టుకుంటూ వెళ్ళి ఆ డొల్లకి చెవి ఆనించారు. ఒక చెవి చూశారు. తల తిప్పి రెండో చెవి ఆనించారు. అలాగే వంగి ఉండిపోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగం మీదా, హరగోపాల్ గారి మీదా, ఆ పెట్టె అసలు సంగతి ఆవిడకి చెప్పకుండా కుర్చీలు సర్దుకున్న నా మీదా. గుడ్డ పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. లక్క పగిలి కిందపడింది.

"అత్తయ్యా!" అని అరిచాను. కిటికీ రెక్కలు అదిరేలా అరిచాను. "ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ, ఒక్క పూటైనా, నువ్వు తిన్నావా మధులికా అని నన్ను అడిగారా?"

పేరిందేవమ్మగారు మెల్లగా వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"అడగలేదు," అన్నారు. "ఒక్క పూటా అడగలేదు."

వెనక వరసల్లో నలుగురైదుగురు ముసలమ్మలు, తమనీ అడగలేదని తలలూపారు. ఏసుపాదం ఒలిచిన గింజలు చేతిలోనే పెట్టుకుని లేచి వచ్చాడు.

"సీలు పగిలిందని నేను రిపోర్టు ఇవ్వాలండి మేనేజరు గారూ. ఏమీ అనుకోకండి." కళ్ళు తుడుచుకున్నాడు. "ముందు ఆ అత్త ఏమందో చెప్పండి."

చెప్పాను. అత్త చెప్పింది, మామ చెప్పింది, మొగుడు కాళ్ళ మీద పడి చెప్పింది, అన్నీ చెప్పాను. మూడు రోజులుగా ఆగిపోయిన గొంతంతా ఆ గంటలో ఖర్చు పెట్టేశాను. శుభం కార్డు పడేసరికి నా నోట్లోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు.

సోమవారానికి ఉత్తర్వు వచ్చింది. అనుబంధ వస్తువు సీలు భగ్నమైనందునను, అనుమతి లేక ధ్వనించినందునను, వాడిన వస్తువుగా ప్రకటించడమైనది. వాడిన వస్తువును మునిసిపాలిటీలో ఉంచుటకు వీలులేనందున బహిరంగ వేలము వేయవలసినది. డొల్లకి మాత్రం ఏమీ కాలేదు. అది ఇప్పటికీ కొత్తదే.

వేలం మునిసిపల్ షెడ్డులో పెట్టారు. చక్రాలు ఊడిన చెత్తబళ్ళు, చిల్లులు పడిన దోమల మందు పంపులు, ఆ తర్వాత నేను. పాత సామాను కొనేవాడొకడు వచ్చి నా భుజం తట్టి చూసి, ఇనుము లేదని వెళ్ళిపోయాడు. ఎన్నికలకి మైకు సెట్లు అద్దెకిచ్చే కామందు ఒకాయన మాత్రం ఆసక్తిగా నిలబడ్డాడు. ఆయనకి అటు పక్కన, ఆటో దిగి కర్ర పోటేసుకుంటూ పేరిందేవమ్మగారు వచ్చి నిలబడ్డారు. వెనకాల మా సభ్యులు.

హరగోపాల్ గారు చదివారు: "ఆడ, మగ గొంతులు కలవు. ఏడ్పు సౌకర్యము కలదు. కరెంటు అక్కరలేదు."

"ఒకసారి ఆన్ చేసి చూపిస్తారా?" అన్నాడు మైకు కామందు.

"నిరభ్యంతరముగా. వాడిన వస్తువే కదా."

అందరూ నావైపు చూశారు. నేను నోరు తెరిచాను. మధులిక రాలేదు, బాబాయి రాలేదు. సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు చిన్న చప్పుడొచ్చింది. మైకు కామందు పెదవి విరిచి వెళ్ళిపోయాడు.

"నేను తీసుకుంటాను," అన్నారు పేరిందేవమ్మగారు.

హరగోపాల్ గారు ఎంత చెడ్డా అబద్ధమాడే మనిషి కాదు. ఆవిడ చెవి దగ్గరకి వంగి గట్టిగా చెప్పారు. "అమ్మా, ఇది పనిచేయుట లేదు!"

"నా చెవులు మాత్రం పనిచేస్తున్నాయా నాయనా? సరిపోతుంది."

పోటీకి ఎవరూ లేరు. సభ్యులు కొంగుముళ్ళు విప్పి, జేబులు తడుముకుని ఇచ్చింది సరిపోయింది. ఏసుపాదం నా చొక్కా మీద నంబరు జాగ్రత్తగా ఊడదీశాడు. పేరిందేవమ్మగారు నా చెయ్యి పట్టుకుని గేటువైపు నడిపించారు. మిరియాల పాలు కాచిస్తాననీ, పది రోజులు నోరు విప్పితే కర్రతో కొడతాననీ చెబుతున్నారు.

వెనకనుంచి హరగోపాల్ గారు కాగితం ఊపుతూ పరిగెత్తుకొస్తున్నారు. "అమ్మా! కొన్న వస్తువు వాపసు తీసుకొనబడదు! రసీదు మీద సంతకము! సదరు వస్తువు ఖాళీ అయిన చోట కొత్త వస్తువునకు ఎంపిక సంఘము! మీరు సభ్యురాలిగా ఉండవలెను!"

పేరిందేవమ్మగారు ఆగి నావైపు తిరిగారు.

"ఏమంటున్నాడ్రా అబ్బాయ్?"

ఏమీ లేదని చెయ్యి ఊపాను. ఇద్దరం ఆటో ఎక్కాం.